అడ్డు పెట్టి చూసిన మనిషి: లాజరో స్పలంజాని

నమస్కారం అండీ. కప్పలకు పట్టుగుడ్డతో లాగులు కుట్టి తొడిగిన శాస్త్రవేత్త ఒకాయన ఉన్నాడు. ఆయనే ఇంకో రోజు నమిలిన రొట్టెను చిన్న గుడ్డసంచిలో పెట్టి, మూతి కుట్టేసి, ఆ సంచిని గుటుక్కున మింగాడు. లాగుల పని పిండం ఎలా మొదలవుతుందో తెలుసుకోవడానికి. సంచి పని తిన్నది కడుపులో ఏమవుతుందో తెలుసుకోవడానికి. ఇవాళ మొదటిదాన్ని డెవలప్‌మెంటల్ బయాలజీ అంటాం, రెండోదాన్ని ఫుడ్ సైన్స్ అంటాం. చదువులు వేరు, ల్యాబులు వేరు, జర్నల్స్ వేరు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇటలీలో ఒక్క మనిషి ఈ రెండూ చేశాడు. పేరు లాజరో స్పలంజాని.

రెండు రంగాల్లో పని చేశాడని చెప్పుకుంటాం గానీ, ఆయన ప్రయోగాలు వరసగా చదువుతూ పోతే నాకు ఒకే పని కనిపిస్తుంది. కలిసి ఉన్న రెండు విషయాల మధ్య ఒక అడ్డు పెట్టడం. అడ్డు పెట్టాక ఏది ఆగిందో, ఏది ఆగలేదో చూడటం. ఆ అడ్డు ఒకచోట గాజు, ఒకచోట గుడ్డ, ఒకచోట కాగితం, ఒకచోట ఉత్త గాలి. ఈ వీడియో అంతా దాని గురించే.

ముందు మనిషి గురించి కొంచెం. 1729 జనవరిలో ఉత్తర ఇటలీలోని స్కాండియానో అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి లాయరు. కొడుకునూ లాయరును చేద్దామని బొలోనా విశ్వవిద్యాలయానికి పంపించాడు. అక్కడ ఫిజిక్స్ చెప్పే ప్రొఫెసర్ లారా బాసీ. ఆమె ఇతనికి బంధువు, అక్క వరస. 1732లోనే డాక్టరేట్ తీసుకున్న మనిషి ఆమె, ఆడవాళ్లను యూనివర్సిటీ గుమ్మం కూడా తొక్కనివ్వని రోజుల్లో. ఆమె ప్రభావంతో ఇతను లా వదిలేసి సైన్స్ వైపు వచ్చేశాడు. తర్వాత చర్చిలో పూజారిగా దీక్ష తీసుకున్నాడు, ఆ పూజారితనం జీవితాంతం ఉంది. రెజ్జోలో, మోదెనాలో పాఠాలు చెప్పి, 1769లో పావియా విశ్వవిద్యాలయంలో ప్రకృతి శాస్త్రం ప్రొఫెసర్‌గా చేరాడు. 1799లో చనిపోయేదాకా అదే ఆయన ఊరు.

ఇక మాంసం పులుసు దగ్గరికి వద్దాం. ఆహార విజ్ఞానం వైపు ఆయన కథ మొదలయ్యేది ఇక్కడే.

1748 ప్రాంతంలో జాన్ నీడమ్ అనే ఇంగ్లిష్ పూజారి గొర్రె మాంసం రసాన్ని వేడి చేసి, సీసాలో పోసి, బిరడా బిగించి పెట్టాడు. కొన్నాళ్లకు తీసి మైక్రోస్కోప్ కింద చూస్తే సూక్ష్మజీవులు లుకలుకలాడుతున్నాయి. వేడికి అన్నీ చచ్చిపోయి ఉంటాయి, మూత బిగించే ఉంది, మరి ఇవెక్కడివి? మాంసంలోనే ఒక జీవశక్తి ఉంది, దానంతట అదే ప్రాణాన్ని పుట్టిస్తుంది అన్నాడు నీడమ్. ఫ్రాన్స్‌లో పెద్ద పేరున్న ప్రకృతి శాస్త్రవేత్త బుఫోన్ ఆయన్ను సమర్థించాడు.

స్పలంజానికి రెండు అనుమానాలు వచ్చాయి. వేడి సరిపోయిందా? బిరడా నిజంగా గాలిని ఆపుతుందా? బిరడాను నమ్మకుండా సీసా మెడనే మంటలో కరిగించి గాజును గాజుతో మూసేశాడు. తర్వాత సీసా మొత్తాన్ని మరిగే నీళ్లలో ముప్పావుగంట, గంట ఉంచాడు. రోజులు గడిచినా లోపల ఏమీ పుట్టలేదు. ఊరికే బిరడా పెట్టిన సీసాల్లో మాత్రం పుట్టాయి. 1765లో ఇదంతా అచ్చు వేయించాడు.

నీడమ్ ఊరుకోలేదు. నువ్వు అంతసేపు మరిగించి ఆ జీవశక్తిని చంపేశావు, లోపలి గాలిని కూడా పాడు చేశావు అన్నాడు. నిజానికి ఇది మంచి అభ్యంతరమే. స్పలంజాని కూడా దాన్ని తేలిగ్గా తీసుకోలేదు, మళ్లీ ప్రయోగాలకు కూర్చున్నాడు. గింజల కషాయాల్ని అరగంట, గంట, గంటన్నర, రెండు గంటలు మరిగించి, ఈసారి మూతి వదులుగా వదిలేశాడు. రెండు గంటలు మరిగినదాంట్లో కూడా సూక్ష్మజీవులు బ్రహ్మాండంగా పెరిగాయి. అంటే మరిగిస్తే చచ్చిపోయే జీవశక్తి అంటూ ఏదీ లేదు. పెరిగేవి బయటి నుంచి వస్తున్నాయి. గాలి సంగతి చూడటానికి సీసా మెడను సన్నని దారమంత గొట్టంలా లాగి, చల్లారాక ఒక్క క్షణం మంట తగిలించి మూసేశాడు. అలా చేస్తే లోపలి గాలి వేడికి బయటికి పోదు.

ఈ పనిలోనే ఇంకో సంగతి దొరికింది. అన్ని సూక్ష్మజీవులూ వేడికి ఒకేలా చావవు. కొన్ని మరిగే నీళ్లలో నిమిషం కూడా తట్టుకోలేవు. కొన్ని అరగంట మరిగినా బతికే ఉంటాయి. ఎందుకో ఆయనకు తెలిసే అవకాశం లేదు. స్పోర్ అనే గట్టి పెంకు కట్టుకుని కొన్ని బ్యాక్టీరియా వేడిని దాటుతాయని 1876లో ఫెర్డినాండ్ కోన్ చూపించాడు.

పులుసు సీసాల కథ వంటింట్లోకి వచ్చింది నికోలా అప్పేర్ చేతుల మీదుగా. ఆయన పారిస్‌లో మిఠాయి వ్యాపారి. సిద్ధాంతాల గొడవ ఆయనకు లేదు. కూరలు, మాంసం, పళ్లు షాంపేన్ సీసాల్లో కుక్కి, బిరడా గట్టిగా బిగించి తీగ చుట్టి, మరిగే నీళ్లలో పెట్టేవాడు. నెలల తరబడి పాడవలేదు. 1810లో ఫ్రెంచి ప్రభుత్వం ఆయనకు 12,000 ఫ్రాంకులు ఇచ్చింది. పద్ధతి చూడండి: ముందు మూయడం, తర్వాత మరిగించడం. స్పలంజాని సీసాలకు చేసింది ఇదే. అదే ఏడాది ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త గే-లుసాక్ అప్పేర్ సీసాల్లోని గాలిని పరీక్షించి, ఆక్సిజన్ లేదు కాబట్టే పాడవలేదు అని తేల్చాడు. అంటే నీడమ్ లేవనెత్తిన గాలి పేచీ మళ్లీ లేచి కూర్చుంది. క్యానింగ్ ఫ్యాక్టరీలు నడుస్తూనే ఉన్నాయి, అది ఎందుకు పనిచేస్తోందో మాత్రం పెద్ద పెద్దవాళ్లే తప్పు చెబుతున్నారు. 1837లో జర్మనీలో థియోడోర్ ష్వాన్ బాగా కాల్చిన గాలిని మరిగించిన పులుసులోకి పంపి, ఆక్సిజన్ ఉన్నా పాడవలేదని చూపించాడు. ష్వాన్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

1895లో అమెరికాలో ప్రెస్కాట్, అండర్‌వుడ్ అనే ఇద్దరు, డబ్బాలు ఉబ్బి పాడవుతుంటే ఎందుకా అని చూశారు. మామూలు మరుగుకు చావని స్పోర్లు లోపల మిగిలిపోతున్నాయి. అందుకే ఇవాళ పులుపు లేని ఆహారం డబ్బాలో పెడితే రిటార్ట్ అనే పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి యంత్రంలో 121 డిగ్రీల దాకా తీసుకెళ్తారు. షాపులో కొనే రెడీ టు ఈట్ పప్పు ప్యాకెట్ కూడా ఆ రిటార్ట్‌లోంచి వచ్చిందే.

మధ్యలో 1768లో స్పలంజాని తెగిన అవయవాలు తిరిగి పెరగడం మీద ఒక చిన్న పుస్తకం వేశాడు. సాలమాండర్ అనే, బల్లిలా కనిపించే కప్పల చుట్టం కాళ్లు, తోక, తోకకప్పల తోకలు, నత్తల తలలు. నత్త తల కోస్తే మళ్లీ మొలుస్తుందని చదివి ఫ్రెంచి రచయిత వోల్తేర్ కూడా తన తోటలో నత్తల తలలు కోసి చూశాడు. ఇవాళ రీజనరేషన్ మీద పనిచేసే ల్యాబుల్లో సాలమాండర్ జాతి జీవులే ముఖ్యమైన జంతువులు. ఒక మాట చెప్పాలి. ఆయన జంతువులకు పెట్టిన బాధ చదువుతుంటే మనసు కలుక్కుమంటుంది. మత్తుమందు లేని కాలం అని సరిపెట్టుకోలేం. ఆ ఫలితాలు వాడుకుంటున్నప్పుడు ఆ లెక్క కూడా మనకు గుర్తుండాలి.

ఇప్పుడు గుడ్డసంచి దగ్గరికి వద్దాం. నాకు ఆయన పనిలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది.

అప్పట్లో జీర్ణం మీద రెండు వాదాలు. కడుపు తిరగలిలా తిండిని నూరుతుందని ఒకరు. లోపల పులిసి కుళ్లుతుందని ఇంకొకరు. 1752లో ఫ్రాన్స్‌లో రియోమూర్ ఒక గద్దకు రెండు వైపులా తెరిచిన లోహపు గొట్టంలో మాంసం పెట్టి మింగించాడు. అరగని వస్తువును కక్కేయడం గద్దకు అలవాటు. గొట్టం బయటికొచ్చింది, చెక్కుచెదరలేదు, లోపలి మాంసం కరిగిపోతూ ఉంది. గొట్టం నూరుడును ఆపింది, రసాన్ని ఆపలేదు. స్పలంజాని ఇక్కడి నుంచి అందుకున్నాడు.

కోళ్లకు, టర్కీ కోళ్లకు గాజు గోళీలు మింగిస్తే కందనకాయలో పొడైపోయాయి. సూదులు గుచ్చిన సీసపు గుండు మింగిస్తే సూదులు విరిగిపోయాయి, కందనకాయకు ఏమీ కాలేదు. అంటే కోడిలో నూరుడు ఉన్న మాట నిజమే. కానీ గట్టి గొట్టంలో దాచిన మాంసం కూడా అదే కోడిలో కరిగింది. నూరడం గింజను బద్దలు కొట్టడానికి, కరిగించే పని రసానిది. కాకులకు దారం కట్టిన గొట్టాల్లో స్పాంజి పెట్టి మింగించి, బయటికి లాగి, స్పాంజి పిండి ఆ రసాన్ని పోగు చేశాడు.

రసం చేతిలోకి వచ్చాక దానికి కడుపు అవసరమా అన్నదే ప్రశ్న. గాజు గొట్టాల్లో రసం పోసి, అందులో మాంసం ముక్కలు, నలగ్గొట్టిన గోధుమలు వేశాడు. పక్కన ఉత్త నీళ్లు పోసిన గొట్టాలు. వేడి కావాలి, ఇంక్యుబేటర్ లేదు. ఆ గొట్టాల్ని తన చంకలో పెట్టుకుని రోజుల తరబడి తిరిగాడు. రసంలో ఉన్న మాంసం కరిగింది, కంపు కొట్టలేదు. నీళ్లలో ఉన్నది కుళ్లింది. జీర్ణం కుళ్లడం కాదని అంతకన్నా తేటగా చెప్పడం కష్టం.

ఇంకా మనిషి కడుపు మిగిలింది. వేరేవాళ్లకు మింగించలేదు, తనే మింగాడు. మొదటిసారి భయపడ్డానని రాసుకున్నాడు, పేగుల్లో ఇరుక్కుంటే ఎలా అని. పళ్ల గింజలు పొరపాటున మింగినా బయటికొచ్చేస్తాయి కదా అని ధైర్యం తెచ్చుకున్నాడు. నమిలిన రొట్టె 52 గ్రెయిన్లు, అంటే సుమారు మూడు గ్రాములు, సంచిలో పెట్టి మింగితే 23 గంటలకు సంచి బయటికొచ్చింది. కుట్టు ఊడలేదు, గుడ్డ చిరగలేదు, రొట్టె లేదు. తర్వాత గుడ్డ రెండు పొరలు చేశాడు, మూడు పొరలు చేశాడు, పొరలు పెరిగేకొద్దీ లోపల కొంత మిగలడం మొదలైంది. ఆ తర్వాత చిల్లులు పెట్టిన చెక్క గొట్టాల్లో మాంసం. ఉడికించిన మాంసాన్ని నమిలి ఒకసారి, నమలకుండా ఒకసారి పెట్టి చూశాడు. నమిలింది ఎక్కువ అరిగింది. తిండి బాగా నమిలి తినమని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే మాటకు కొలిచి చూపించిన రుజువు అది. పొద్దున్నే పరగడుపున గొంతులో వేలు పెట్టుకుని కక్కి, తన కడుపు రసాన్ని కూడా పట్టాడు. ఆ వికారం భరించలేక దాన్ని మాత్రం మానేశాడు.

ఆ రసంలో ఆమ్లం ఉందని ఆయన ఒప్పుకోలేదు, అది ఆయన పనిలో మిగిలిపోయిన పెద్ద లోటు. 1824లో విలియం ప్రౌట్ అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం అని తేల్చాడు. 1836లో అందులో పనిచేసే పదార్థానికి పెప్సిన్ అని పేరు పెట్టినవాడు థియోడోర్ ష్వాన్. ఇందాక గాలిని కాల్చి పులుసులోకి పంపిన ష్వానే. స్పలంజాని వదిలిన రెండు దారాలూ, కుళ్లడం ఒకటి, అరగడం ఒకటి, ఏడాది తేడాతో ఒకే మనిషి చేతికి చిక్కాయి.

చంకలో గాజు గొట్టం ఇవాళ ఎక్కడుంది అంటారా? ఫుడ్ సైన్స్ ల్యాబుల్లో ఉంది. కడుపు బయట తిండిని అరిగించి చూడటాన్ని ఇన్ విట్రో డైజెషన్ అంటారు. 2014లో అనేక దేశాల పరిశోధకులు కలిసి దీనికి ఇన్ఫోజెస్ట్ అనే ఒకే పద్ధతి ఒప్పుకున్నారు. కడుపు దశ రెండు గంటలు, 37 డిగ్రీలు, పులుపును కొలిచే పీహెచ్ 3. దానికి చాలా ముందే మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో, ఎన్ఐఎన్ అంటాం కదా, అక్కడ బి.ఎస్. నరసింగరావు, టి. ప్రభావతి 1978లో ఇలాంటి పద్ధతే ఒకటి ప్రచురించారు. అన్నం, పప్పు, ఆకుకూర ఉన్న భోజనంలో ఇనుము ఎంత ఉందన్నది ఒక లెక్క, ఒంటికి ఎంత పడుతుందన్నది వేరే లెక్క. ఆ రెండోదాన్ని మనుషుల మీద కొలవడం చాలా ఖర్చు, చాలా కష్టం. వాళ్లు ఆహారాన్ని పెప్సిన్, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో 37 డిగ్రీల దగ్గర అరిగించి, తర్వాత పీహెచ్‌ను పేగుల్లో ఉండే స్థాయికి పెంచి, అయాన్ రూపంలో విడుదలైన ఇనుము ఎంతో కొలిచారు. రక్తహీనత ఇంతగా ఉన్న దేశంలో ఆ పని విలువ ఎంత చెప్పినా తక్కువే.

ఇక కప్పల లాగులు. జీర్ణం మీద, పునరుత్పత్తి మీద ఆయన రాసినవి రెండూ 1780లో కలిసే అచ్చయ్యాయి.

మగకప్ప ఆడకప్పను పట్టుకుని ఉంటుంది, ఆడది నీళ్లలో గుడ్లు వదులుతుంది, అవి తోకకప్పలవుతాయి. మగకప్ప ఏమిస్తోంది? మైనం పట్టించిన టాఫెటా పట్టుతో బిగుతుగా లాగులు కుట్టి మగకప్పలకు తొడిగాడు. లాగులున్నా అవి ఆడవాటిని వదల్లేదు. గుడ్లు పడ్డాయి, ఒక్కటీ పెరగలేదు, అన్నీ కుళ్లిపోయాయి. లాగు విప్పి చూస్తే లోపల చుక్కలు చుక్కలుగా ద్రవం. ఆ చుక్కల్ని గుడ్లకు తగిలిస్తే అవి తోకకప్పలయ్యాయి. ఒంటి బయట, మనిషి చేతి మీదుగా పిండం మొదలైంది.

ద్రవం అక్కర్లేదు, దాని నుంచి లేచే ఆవిరే చాలు అని అప్పట్లో చాలామంది నమ్మేవారు. రెండు గడియారపు గాజులు తీసుకున్నాడు. కింది దాంట్లో గోదురుకప్ప వీర్యం, పైన బోర్లించిన దానికి అంటించిన గుడ్లు. మధ్యలో గాలి. ద్రవం ఆవిరై పైన గుడ్లన్నీ తడిసినా ఒక్కటీ పెరగలేదు. కింద మిగిలిన ద్రవం తాకించగానే పెరిగాయి. ఆవిరి వాదం అక్కడితో సరి.

ఆ తర్వాత కుక్క. ఒక ఆడకుక్కను విడిగా గదిలో పెట్టి, పిచికారీతో వీర్యం ఎక్కించాడు. 62 రోజులకు మూడు పిల్లలు పుట్టాయి, రెండు మగ, ఒకటి ఆడ. సైన్స్ మొదలుపెట్టాక ఇంత ఆనందం ఎప్పుడూ కలగలేదన్నట్టు రాసుకున్నాడు. వీర్యాన్ని మంచులో పెడితే అందులోని పురుగులు, ఇవాళ మనం వీర్యకణాలు అనేవి, కదలడం ఆపి, వెచ్చబెడితే మళ్లీ కదులుతాయని కూడా చూశాడు. మన ఊళ్లలో ఆవుకో గేదెకో కృత్రిమ గర్భధారణ చేయించేటప్పుడు ద్రవ నైట్రోజన్ డబ్బాలోంచి తీసే సన్నని స్ట్రా వెనక ఈ రెండు ప్రయోగాలూ ఉన్నాయి.

ఇప్పుడు అసలు చిక్కు. వీర్యంలో కదిలే ఆ పురుగులకు పనేమైనా ఉందా? వీర్యాన్ని నీళ్లలో కలిపి అద్దుడు కాగితాల గుండా వడకట్టాడు, కాఫీ డికాక్షన్ దించినట్టు. కాగితాలు పెంచేకొద్దీ కిందికి దిగిన నీళ్ల శక్తి తగ్గింది, ఆరేడు కాగితాలకు పూర్తిగా పోయింది. కాగితం మీద మిగిలినదాన్ని నీళ్లలో పిండి ఆ నీళ్లు గుడ్లకు తగిలిస్తే పిండాలు పెరిగాయి. ద్రవం కిందికి పోయింది, పురుగులు పైన ఆగాయి, శక్తి పైనే ఉంది. సమాధానం ఆ కాగితం మీదే ఉంది. ఆయన తీసుకోలేదు. ఆ పురుగులు వీర్యంలో బతికే పరాన్నజీవులు, గర్భానికి వాటితో సంబంధం లేదు అనే రాశాడు.

ఎందుకు? ఎందుకంటే తోకకప్ప అప్పటికే గుడ్డులో చిన్న రూపంలో తయారై ఉందని ఆయన గట్టి నమ్మకం. ఫలదీకరణం జరిగిన గుడ్డు, జరగని గుడ్డు పక్కపక్కన పెట్టి చూస్తే ఆయన కంటికి తేడా కనపడలేదు. కాబట్టి జీవి ముందే ఉంది, వీర్యం దాన్ని తట్టి లేపుతుంది అంతే అనుకున్నాడు. పురుగులు లేని వీర్యం కూడా పనిచేయడం చూశానని ఆయనకు అనిపించిన సందర్భమూ ఉంది, అది ఆ నమ్మకాన్ని ఇంకా బిగించింది. కడుపు విషయంలో ఆయనకు ముందే తీర్మానం ఏమీ లేదు, అందుకే సంచి చెప్పింది విన్నాడు. గుడ్డు విషయంలో తీర్మానం ముందే అయిపోయింది, కాగితం చెప్పింది వినలేదు. అదే చేయి, అదే నేర్పు, అదే జాగ్రత్త. నాకు ఆయన మీద గౌరవం దీనివల్ల తగ్గదు. తన నమ్మకానికి ఎదురు తిరిగిన ఫలితాన్ని దాచుకోకుండా, ఎన్ని కాగితాలు వాడాడో కూడా చెప్పి మొత్తం అచ్చు వేశాడు.

అలా అచ్చు వేయబట్టే 1824లో జెనీవాలో ప్రెవోస్ట్, డ్యూమా ఆ వడకట్టే ప్రయోగాన్నే మళ్లీ చేయగలిగారు. ఫలితం ఆయనకు వచ్చిందే వచ్చింది. వాళ్లు మాత్రం వీర్యకణాలే కావాలని తేల్చారు. 1876లో ఆస్కార్ హెర్ట్‌విగ్ సీ అర్చిన్ అనే ముళ్ల సముద్రజీవి గుడ్డులో వీర్యకణపు కేంద్రకం గుడ్డు కేంద్రకంతో కలవడాన్ని మైక్రోస్కోప్‌లో చూశాడు.

1793లో స్పలంజాని గబ్బిలాల మీద మొదలుపెట్టిన పనిని కావాలనే ఇవాళ కదపలేదు. కళ్లు లేకపోయినా గది నిండా కట్టిన దారాలకు తగలకుండా అవి ఎలా ఎగురుతాయన్నది చెప్పాలంటే జెనీవా వైద్యుడు లూయి జూరీన్ గురించి కూడా చెప్పాలి. అది వచ్చే వీడియోలో. ఉంటానండీ.